పొలంకి పిట్టను చూడడం ఎలా: నెల తెలియాలి, వేళ తెలియాలి, చెవి ఒగ్గాలి

రోహిణి ఎండలకు రోళ్లు పగిలి, మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి జల్లులు ఒకటి రెండు పడిన తరువాత, వికారాబాదు దగ్గరి అనంతగిరి గుట్టలలోనూ, విశాఖపట్నం అంచున ఉన్న కంబాలకొండ అడవిలోనూ తెల్లవారుజామున ఒక ఈల వినిపిస్తుంది. అందులో రెండే స్వరాలు ఉంటాయి. మొదటిది సాగి పైకి లేస్తుంది, రెండవది తెగినట్టు కిందికి జారుతుంది. ఆ ఈల వేసేది పొలంకి పిట్ట. దీనినే పొన్నంగి పిట్ట అని కూడా అంటారు. హిందీవారు నవరంగ్ అని పిలిచే ఈ పక్షిని ఒక్కసారైనా కళ్లారా చూడాలని అడవికి వెళ్లి, ఈల మాత్రమే విని తిరిగివచ్చినవారు చాలామంది ఉన్నారు. అలాంటివారి కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ పక్షి జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మన భాషదే. 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనిని కాకుల ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చేర్చి, పొట్టి తోక గలది అనే అర్థం వచ్చే 'బ్రాకియురస్' అన్న పేరు జోడించాడు. తరువాత 1816లో ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త వియెయో దీనికి వేరే ప్రజాతిని ఏర్పరచి, దానికి 'పిట్టా' అని పేరు పెట్టాడు. పాలపిట్ట, పిగిలిపిట్ట, లకుముకి పిట్ట అంటూ మనం రోజూ పలికే పిట్టే అది. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా వరకు ఎక్కువగా ఉష్ణమండలపు అడవులలో బతికే నలభైకి పైగా జాతుల కుటుంబమంతా నేడు ఆ తెలుగు మాటతోనే ప్రపంచానికి తెలుసు. మన పొలంకి పిట్ట పూర్తి శాస్త్రీయ నామం పిట్టా బ్రాకియురా.

ఏమి వెతుకుతున్నామో ముందే తెలుసుకోవాలి

పక్షి పొడవు 15 నుంచి 19 సెంటీమీటర్లు, అంటే మైనా కంటే చిన్నదే. బరువు 47 నుంచి 66 గ్రాములు. తోక ఉందా లేదా అన్నంత పొట్టిగా ఉంటుంది, కాళ్లు మాత్రం పొడవుగా, బలంగా ఉంటాయి. వీపు ఆకుపచ్చ, భుజం మీద మెరిసే లేత నీలి మచ్చ, తోక నీలం, గొంతు తెలుపు, రొమ్ము గోధుమవన్నె. పొట్ట అడుగు నుంచి తోక కింది వరకు కుంకుమ అద్దినంత ఎరుపు. కంటి మీదుగా మెడ వెనక వరకు కాటుక తీర్చినట్టు దట్టమైన నల్లని చార సాగుతుంది. నడినెత్తిన గోధుమరంగు పట్టీ, దానికి రెండు వైపులా నల్లని గీతలు ఉంటాయి. ఆడ, మగ ఒకేలా కనిపిస్తాయి.

ఇన్ని రంగులున్న పిట్ట కంటికి ఇట్టే ఆనుతుందని అనుకోవడం సహజం. వాస్తవం దీనికి పూర్తిగా భిన్నం. పొదల నీడలో, మచ్చలు మచ్చలుగా పడే ఎండలో, పక్షి వీపు మనవైపు ఉంటే ఆకుపచ్చ ఆకులో కలిసిపోతుంది, రొమ్ము ఎండుటాకులో కలిసిపోతుంది. నిజానికి ముందుగా కంటికి తగిలేది తెల్లని గొంతు, లేదా కదిలే తోక కింది ఎరుపు. అందుచేత మొత్తం పక్షి కోసం వెతకకుండా, నేల మీద ఒక తెల్లని మచ్చ కోసం, ఒక ఎర్రని మచ్చ కోసం కన్నులను అలవాటు చేసుకోవాలి.

పొరపడే అవకాశం ఉన్న పక్షులు ముఖ్యంగా రెండు. నారింజ రంగు తల, బూడిద నీలి వీపు గల థ్రష్ పక్షి ఇదే నీడలో, ఇవే ఎండుటాకుల మధ్య మేస్తుంది. దానికి కంటి కింద నిలువు చారలు ఉంటాయి కానీ పొలంకి పిట్టకున్న అడ్డ చార ఉండదు, ఆకుపచ్చ అసలే ఉండదు. ఇక, మనకు ఊరూరా కనిపించే తెల్ల రొమ్ము లకుముకి పిట్ట ఎగిరేటప్పుడు నీలం మెరిసి, రెక్కలో తెల్లని మచ్చ కనిపిస్తుంది. ఎగిరే పొలంకి పిట్ట రెక్క చివరకు దగ్గరగా కూడా అలాంటి తెల్ల మచ్చే ఉంటుంది. లకుముకి ముక్కు పెద్దది, ఎర్రది. అయితే రెప్పపాటులో దాటిపోయిన పక్షి విషయంలో ఆ తేడా కనిపెట్టలేము కాబట్టి, సందేహం మిగిలితే దానిని లెక్కలో చేర్చకపోవడమే నిజాయితీ. ఒడిశాలోని భితర్‌కనికా వంటి మడ అడవులకు వెళ్లేవారు అక్కడి మడ పిట్టను దీనితో కలపకూడదు. దాని ముక్కు పెద్దది, నెత్తి మీద లేత పట్టీకి బదులు మొత్తం గోధుమ రంగే ఉంటుంది.

ఏ నెలలో, ఎక్కడ

పొలంకి పిట్ట ఏడాది పొడవునా ఒకే చోట ఉండదు. చలికాలం దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ గడిపి, ఎండలు ముదిరేకొద్దీ ఉత్తరానికి కదిలి, వానాకాలంలో హిమాలయాల పాదకొండలు, మధ్య భారతపు కొండలు, పడమటి కనుమలలో కొంత భాగం వరకు వ్యాపించి గూడు పెట్టుకుంటుంది. ఈ ప్రయాణం రాత్రిపూట సాగుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి తిరిగి దక్షిణానికి మళ్లుతుంది. కాబట్టి ఎక్కడికి వెళ్లాలన్నది మీరు ఎంచుకున్న నెలను బట్టి ఉంటుంది.

తెలుగు నేల మీద చూడదలచినవారికి జూన్ నెలే మేలు. మే చివరి వారం నుంచి జూలై దాకా అనంతగిరిలోనూ, కంబాలకొండలోనూ, తూర్పు కనుమల ఇతర అడవులలోనూ పక్షి గట్టిగా పలుకుతుంది. పలుకుతున్న పక్షిని కనిపెట్టడం పలకని పక్షిని కనిపెట్టడం కంటే ఎన్నో రెట్లు సులువు. అదే కాలంలో గుజరాత్‌లోని గిర్, రాజస్థాన్‌లోని రణథంబోర్ అడవుల చుట్టుపక్కల కూడా దీని పిలుపు మారుమోగుతుంది.

చలికాలంలో చూడాలంటే కేరళ వెళ్లడం ఉత్తమం. పెరియార్ నది ఒడ్డున ఉన్న తట్టెక్కాడ్ పక్షి సంరక్షణ కేంద్రంలో, పల్లపు సతతహరితారణ్యం తోటలతో కలిసే అంచుల్లో నవంబరు నుంచి మార్చి వరకు పొలంకి పిట్టలు మేస్తూ ఉంటాయి. శ్రీలంకలో సింహరాజ వానఅడవి చుట్టూ, కాండీలోని ఉడవట్టకెలె వనంలో కూడా ఇదే పరిస్థితి. గమనించవలసింది ఏమిటంటే, దట్టమైన అడవి లోలోపలి కంటే అడవి పలచబడే అంచు, కాలిబాట పక్కనున్న పొద, ఎండిన వాగు గట్టు, వెదురు గుంపుల అడుగు మనకు ఎక్కువ ఫలితాన్ని ఇస్తాయి. పక్షికి కావలసినవి నీడ, తేమగల మెత్తని నేల, దాని మీద మందంగా పరుచుకున్న ఎండుటాకు. ఈ మూడూ ఉన్న చోటు అడవి నడుమ కావచ్చు, ఊరి చివరి మామిడితోట కావచ్చు.

వేళ

తమిళులు దీనిని ఆరుమణి కురువి అంటారు, అంటే ఆరు గంటల పిట్ట. ఉదయం ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతాలలో పలుకుతుందని ఆ పేరు. ఇంత సూటిగా దారి చూపే పేరు మరో పక్షికి ఉందని నేను అనుకోను. సింహళీయులు ఆ రెండు స్వరాల పలుకునే పేరుగా మార్చి అవిచ్చియా అని పిలుస్తారు. తన అందమైన దుస్తులను నెమలి కాజేసిందని ఈ పిట్ట మొరపెట్టుకుంటోందని అక్కడ ఒక కథ కూడా ఉంది. మీరు వెళ్లవలసిన చోటికి తెల్లవారుజామున ఐదున్నరకల్లా చేరాలి. సూర్యుడు పైకి వచ్చాక పిలుపులు పలచబడతాయి, పది దాటితే పక్షి ఉన్నా లేనట్టే. మబ్బు పట్టిన రోజు, రాత్రి వాన కురిసి వెలిసిన ఉదయం అయితే ఇంకొంత సేపు పలుకుతుంది. అలాంటి ఉదయాన్ని వదులుకోకూడదు.

వినడం, కూర్చోవడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, చాలామంది తప్పు చేసేదీ ఇక్కడే. ఈల వినిపించగానే దాని వైపు నడక సాగిస్తారు. నాలుగడుగులు వేసేసరికి పిలుపు ఆగిపోతుంది, కాసేపటికి మరోచోట వినిపిస్తుంది, అటు మళ్లుతారు. ఇలా గంట గడిచాక పక్షికి మనుషులు ఎక్కడ ఉన్నారో పూర్తిగా తెలుస్తుంది కానీ, మనుషులకు పక్షి జాడ తెలియదు.

నేను కూడా అనంతగిరికి వరుసగా మూడు జూన్ నెలలు వెళ్లి ఇలాగే తిరిగి వచ్చాను. నాలుగో ఏడు, ముందురోజు సాయంత్రం ఈల వినిపించిన వాగు పక్కన, తెల్లవారకముందే ఒక మద్దిచెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాను. ముప్పావుగంట తరువాత ఎడమ వైపు, ఐదు మీటర్ల దూరంలో ఎండుటాకు ఒకటి లేచి పడింది. ఆకు తిరగేసిన పక్షి ఆగి, తల ఒక పక్కకు వాల్చి నేలను చూసింది. రెండు గెంతులు వేసి మళ్లీ ఆగింది. ఆ పొట్టి తోక నెమ్మదిగా పైకీ కిందికీ ఊగుతోంది. ముక్కుతో తడి మట్టిని పొడిచి, వానపామును పట్టి, అది సాగి సాగి తెగేదాకా కాళ్లు తన్నిపెట్టి లాగింది. ముక్కు మీది మట్టిని పక్కనున్న వేరుకు అటొకసారి, ఇటొకసారి రాసుకుని, మళ్లీ ఆకుల మధ్యకు గెంతింది. అంతసేపూ నేను దుర్భిణి ఎత్తలేదు, ఎత్తవలసిన అవసరమూ రాలేదు.

కాబట్టి చేయవలసింది ఇది. పిలుపు వినిపించిన వెంటనే నిలబడిపోండి. తరువాతి మూడు నాలుగు పిలుపులు కదలకుండా విని, అవి ఒకే దిక్కు నుంచి వస్తున్నాయా అని గమనించండి. పొలంకి పిట్ట ఒకటి పలికితే పక్కనున్నవి బదులు పలకడం సాధారణం కనుక, రెండు మూడు దిక్కుల నుంచి వినిపిస్తే వాటిలో దగ్గరిది ఏదో తేల్చుకుని ఆ ఒక్కదాని మీదే దృష్టి పెట్టాలి. ఇప్పుడు నేల వైపు చూడకండి. పలికే వేళలో పక్షి తరచుగా ఏదో ఒక కొమ్మ మీద ఉంటుంది. కొత్తవారు నేల పక్షి అని పుస్తకంలో చదివి నేలనే వెతుకుతూ, తమ తల ఎత్తున కూర్చుని పలుకుతున్న పక్షిని దాటిపోతారు. పొదల మధ్య అడ్డంగా సాగిన, ఆకు తక్కువగా ఉన్న కొమ్మలను ఒక్కొక్కటిగా చూడండి. పలికేటప్పుడు అది తల వెనక్కి వాల్చి, ముక్కును ఆకాశం వైపు ఎత్తుతుంది. తెల్లని గొంతు పూర్తిగా బయటపడే క్షణం అదే.

పిలుపులు ఆగిన తరువాత చూపు నేలకు దించాలి. అప్పటినుంచి చెవి ఆకుల చప్పుడును వినాలి. తొండ పరుగెత్తితే చప్పుడు గలగలమని ఒకే వరసగా వెళ్లి ఆగుతుంది, ఉడుత చప్పుడుకు లయ ఉండదు. పొలంకి పిట్ట మేస్తున్నప్పుడు రెండు గెంతుల చప్పుడు, విరామం, ఆకు తిరగేసిన చప్పుడు, మళ్లీ విరామం వినిపిస్తాయి. ఆ విరామాలను గుర్తుపట్టగలిగితే పని సగం పూర్తయినట్టే.

దుర్భిణి 8×42 కొలతది, అంటే ఎనిమిది రెట్లు పెంచి చూపేది చాలు. అంతకంటే ఎక్కువ పెంచి చూపేది నీడలో చేతి వణుకును కూడా పెంచి చూపుతుంది. కొనేముందు అది రెండు మూడు మీటర్ల దూరంలోని వస్తువును కూడా స్పష్టంగా చూపుతుందో లేదో పరీక్షించండి, ఎందుకంటే కదలకుండా కూర్చున్నవారికి ఈ పక్షి అంత దగ్గరకు వస్తుంది. ఖాకీ లేదా ముదురు ఆకుపచ్చ దుస్తులు, జలగల కాలంలో పొడవైన మేజోళ్లు, కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ పట్టా వెంట ఉంటే మంచిది. తొలకరి వేళ పాములు కూడా చురుకుగా తిరుగుతాయి కనుక కూర్చునే ముందు కర్రతో ఆకులను కదిలించి చూడాలి.

రికార్డింగు వినిపించకండి

ఫోనులో ఈ పక్షి పిలుపును వినిపిస్తే పక్షి తరచుగా బయటకు వస్తుందన్నది నిజమే. అది రావడానికి కారణం మన మీద ఇష్టం కాదు. తన హద్దులోకి మరో పక్షి చొరబడిందనుకుని, మేత వదిలి, కొన్ని సందర్భాలలో గూడు వదిలి తరమడానికి వస్తుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు అది గుడ్లు పెట్టి పొదిగే కాలం. ఒక ఆదివారం ఒకే వాగు దగ్గర, ఒకరి తరువాత ఒకరుగా నాలుగు బృందాలు స్పీకరులో పిలుపు వినిపించడం నేను చూశాను. ఎనిమిదయ్యేసరికి అక్కడ పక్షి పలకడం మానేసింది, మరుసటి ఉదయం కూడా ఆ చోట ఈల వినిపించలేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. పక్షులను గుర్తించే యాప్‌లలోని ధ్వనులను ఇంట్లో కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పదే పదే విని నేర్చుకోండి. అడవిలో ఫోనును మౌనంగా ఉంచండి.

గానపక్షులుగా శాస్త్రజ్ఞులు లెక్కించే గుంపులో పిట్టా కుటుంబం చేరదన్న విషయం ఇక్కడ చెప్పడం సందర్భోచితం. కోడిపిల్లకు కూత ఎలా పుట్టుకతో వస్తుందో, పిట్టా కుటుంబం వంటి పక్షులకు పిలుపు సాధారణంగా అలాగే వస్తుందని, గానపక్షులు మాత్రం పాటను పెద్దవాటి నుంచి విని నేర్చుకుంటాయని చెబుతారు. పొలంకి పిట్ట పలుకులో స్వరాలు రెండే, అరుదుగా మూడు. ఆ స్వరాలను పక్షిని మోసపుచ్చడానికి వాడుకోవడం ఇంకా సులభం, ఆ కారణానే ఇంకా తప్పు.

గూడు గుండ్రంగా, పక్కన రంధ్రంతో, ఎండుగడ్డి, ఎండుటాకులతో అల్లి ఉంటుంది. నేల మీదో, తక్కువ ఎత్తు కొమ్మ మీదో ఉంటుంది కనుక ఆకుల కుప్పలాగే కనిపిస్తుంది. వానాకాలంలో బాట వదిలి పొదలలోకి నడవకూడదనడానికి ఇదొక్కటే చాలినంత కారణం. పొరపాటున గూడు కంటపడితే వచ్చిన దారినే వెనక్కి రావాలి. అడ్డుగా ఉందని ఒక్క రెమ్మను కూడా తుంచకూడదు, ఆ చోటును ఎవరికీ చెప్పకూడదు. చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటు వంటి చోట్ల రాసేటప్పుడు తేదీ, సమయం, విన్నవెన్ని, చూసినవెన్ని అన్నది విడివిడిగా రాయండి, గూడు వివరాలు మాత్రం రాయకండి.

పక్షే మీ ఇంటికి వస్తే

అక్టోబరు, నవంబరు నెలలలో ఉదయాన్నే డాబా మీదో, అపార్టుమెంటు మెట్ల దగ్గరో రంగురంగుల పిట్ట ఒకటి సోలిపోయి కూర్చుని ఉందని కబురు వస్తూ ఉంటుంది. రాత్రి ప్రయాణంలో అలసిపోయినదో, దీపాల వెలుగుకు దారి తప్పి కిటికీ అద్దానికి కొట్టుకున్నదో అయి ఉంటుంది. చాలామంది కంగారుపడి నోట్లో నీళ్లు పోస్తారు. అలా చేయకూడదు, నీరు ఊపిరితిత్తులలోకి వెళ్లే ప్రమాదం ఉంది. పలుచని గుడ్డ కప్పి మెల్లగా పట్టుకుని, గాలి ఆడే రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో అడుగున గుడ్డ పరచి ఉంచి, మూతపెట్టి, పిల్లులు, పిల్లలు చేరని చీకటి గదిలో వదిలేయాలి. మాటిమాటికీ మూత తీసి చూడకూడదు. గాయం లేని పక్షి చాలాసార్లు గంట, రెండు గంటలలో తేరుకుని పెట్టెలో కదలడం మొదలుపెడుతుంది. అప్పుడు పెట్టెను దగ్గరలో దట్టంగా చెట్లు, పొదలు ఉన్న చోటికి తీసుకువెళ్లి, నేల మీద ఉంచి మూత తీసి దూరంగా జరగాలి. రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపించినా, తేరుకోకపోయినా అటవీశాఖవారికి చెప్పి పశువైద్యుని దగ్గరకు చేర్చాలి. అందంగా ఉందని పంజరంలో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

పెరడు ఉన్నవారు ఇంకొక పని కూడా చేయవచ్చు. అక్టోబరు నుంచి గోడవార చెట్ల కింద రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా ఒక మూలైనా మందంగా ఉండనివ్వండి, ఆ మూలలో పురుగుమందు చల్లకండి, పొద నీడన నేల మట్టానికి ఒక వెడల్పాటి మూకుడులో అంగుళం లోతు నీరు పెట్టండి. పెద్ద కిటికీ అద్దాలకు బయటివైపు, ఐదు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున చుక్కలు అంటించండి. ఆ మూలకు ఎదురుగా, ఇంట్లో దీపం వేయకుండా, ఉదయం ఆరింటికి పావుగంట ముందు కుర్చీ వేసుకుని కూర్చోండి.